బ్యారేజీ ముందు పుట్టే తూనీగ: కృష్ణ ఒడ్డున ఫొటోలు ఎలా తీయాలి?

ఈరోజు ఎపిసోడ్‌లో రెండు విషయాలు కలిపి చెప్తాను. ఒకటి, మన కృష్ణ ఒడ్డున ఉన్న కట్టడాలని ఫొటో తీయడం. రెండోది, అదే ఒడ్డున తెల్లవారుజామున నీళ్ళలోంచి బయటికొచ్చి రెక్కలు విప్పుకునే తూనీగని ఫొటో తీయడం. ఈ రెండూ ఒకే ఫ్రేములో పడితే ఎంత బాగుంటుందో, దానికోసం నేను చేసిన ఒక తప్పేంటో కూడా చెప్తాను. చివరిదాకా ఉండండి.

ముందు మా బ్రాడీపేట సంగతి. వానలు పడ్డాక మా లైన్లో సాయంత్రం పూట పసుపు రంగు తూనీగలు గుంపులుగా తిరుగుతాయి. ఒకరోజు చూస్తే, ఒక తూనీగ ఎవరిదో నల్ల కారు బానెట్ మీదకి దిగి, తోకతో టక్ టక్ మని కొడుతోంది. చాలామంది అది ఆడుకుంటోంది అనుకుంటారు. అది గుడ్లు పెడుతోందండి! నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురుకి ఒక ప్రత్యేకమైన గుణం ఉంటుంది, తూనీగ దాన్ని బట్టే నీళ్ళని గుర్తుపడుతుంది. నున్నగా మెరిసే కారు పైభాగం కూడా అలాగే వెలుతుర్ని తిప్పి కొడుతుంది. పాపం, అది కుంట అనుకుంటుంది. ఎండకి ఆ గుడ్లు మాడిపోతాయి.

ఈ పసుపు తూనీగ పేరు పంటాలా ఫ్లావెసెన్స్. వాన నీటి గుంటల్లో పుట్టి, గాలివాటంగా దేశాలు దాటి పోతుంది. మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా దాకా వెళ్తుందని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశారు. అరచేతిలో పట్టే పురుగు సముద్రం దాటుతోందంటే ఆలోచించండి.

సరే, ఇక ఒడ్డుకి పోదాం. గుంటూరు నుంచి మంగళగిరి మీదుగా సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే ప్రకాశం బ్యారేజీ. ముందు అక్కడ పాత ఆనకట్ట ఉండేది. 1852లో మొదలుపెట్టి 1855కి కట్టారు. దాదాపు వందేళ్ళు నిలబడి 1952లో వరదకి తెగింది. ఆ తర్వాత కట్టిన ఇప్పటి బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1,223 మీటర్ల పైమాటే, 70 గేట్లు. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఫొటో తీసే ముందు ఆ కట్టడం ఏమిటో తెలిస్తే, దేన్ని చూపించాలో తెలుస్తుంది. బ్యారేజీకి అందం దాని ఎత్తులో లేదు, వరసలో ఉంది. ఒకేలాంటి గేట్లు అలా సాగిపోతుంటాయి చూడండి, అదీ మనం పట్టుకోవాల్సింది.

ఎక్కడ నిలబడాలి? ఉదయమైతే తాడేపల్లి వైపు, బ్యారేజీకి ఎగువన ఉన్న ఒడ్డు. అక్కడ తూర్పుకి తిరిగితే బ్యారేజీ వెనకాల సూర్యుడు లేస్తాడు. ఎడమచేతి వైపు ఆవలి ఒడ్డున ఇంద్రకీలాద్రి. సూర్యోదయానికి అరగంట ముందే చేరండి. అప్పుడు ఆకాశం నీలంగా ఉంటుంది, దీపాలు ఇంకా వెలుగుతుంటాయి, నీళ్ళు కదలకుండా ఉంటే ఆ దీపాలు కిందకి గీతల్లా దిగుతాయి. ట్రైపాడ్ లేకపోతే ఘాట్ మెట్టు మీద బ్యాగు పెట్టి దానిమీద కెమెరా ఆనించండి. ఐఎస్ఓ 100 లేదా 200, షట్టర్ రెండు మూడు సెకన్లు. చేత్తో నొక్కితే కదులుతుంది కాబట్టి టైమర్ పెట్టండి. సాయంత్రమైతే బ్యారేజీ వెనకనుంచి కాకుండా దాని దగ్గర్నుంచే పడమటికి చూడాలి, ఎగువన నిండుగా ఉన్న నీళ్ళ మీదకి సూర్యుడు దిగుతాడు.

దగ్గర్లోనే ఉండవల్లి గుహలు ఉన్నాయి. కొండని తొలిచి నాలుగంతస్తులుగా చేసినవి. లోపల పడుకున్న అనంతపద్మనాభుడు ఏకశిల. అమరావతి వైపు పోతే ఒడ్డునే అమరేశ్వరాలయం, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం. ఎక్కడైనా సూత్రం ఒకటే. కట్టడాన్ని ఒంటరిగా తీయొద్దు. దాని ముందు ఏదో ఒక ప్రాణం ఉండాలి. ఒక పడవ, ఒక మనిషి, లేకపోతే మన తూనీగ.

ఇప్పుడు అసలు విషయం. తూనీగ జీవితంలో మనం చూసే ఎగిరే భాగం చివరి దశ మాత్రమే. అంతకుముందు అది నీళ్ళలో లార్వాగా ఉంటుంది. మట్టి రంగులో, రెక్కల్లేకుండా, చూడ్డానికి అసలు తూనీగలా ఉండదు. కింది పెదవి మడతపెట్టి ఉంటుంది, దోమ పిల్ల కనబడగానే అది చెయ్యిలా ముందుకి చాపి పట్టేస్తుంది. భయం వేస్తే వెనకనుంచి నీటిని చిమ్మి రాకెట్‌లా ముందుకి పోతుంది. ఎదిగిన తర్వాత ఒక రాత్రి, ఏ జమ్ము కాడో తుంగ కాడో పట్టుకుని నీళ్ళ పైకి ఎక్కుతుంది. కాడ లేకపోతే ఘాట్ మెట్టో రాయో అయినా సరే.

అక్కడ గట్టిగా పట్టుకుని కాసేపు కదలదు. తర్వాత వీపు మీద చర్మం చీలుతుంది. ముందు వీపు, తర్వాత తల, కాళ్ళు బయటికొస్తాయి. చాలా రకాలు ఇక్కడ వెల్లకిలా వెనక్కి వాలి వేలాడతాయి. చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. కాదు, కాళ్ళు గట్టిపడే దాకా ఆగుతోంది. ఆ తర్వాత ఒక్క ఊపులో పైకి లేచి, తన పాత చర్మాన్నే పట్టుకుని తోక లాక్కుంటుంది. అప్పటికి రెక్కలు నలిగిన కాగితంలా ఉంటాయి. ఒంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి పంపిస్తుంటే అవి మెల్లగా విచ్చుకుంటాయి. కొత్త ప్లాస్టిక్ కవర్‌లా తళతళా మెరుస్తాయి. ఆ మెరుపు ఉందంటే ఇంకా మెత్తగా ఉన్నట్టు లెక్క. చాలాసేపు రెక్కలు వీపు మీద కలిపి ఉంచుతుంది. అవి ఒక్కసారి రెండు పక్కలకీ తెరుచుకున్నాయంటే ఎగరడానికి సిద్ధం అన్నమాట. మొత్తం రెండు మూడు గంటల పని. వెనక మిగిలేది ఖాళీ కుబుసం.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. కొన్నేళ్ళ కింద ఒక తెల్లవారుజామున ఆ ఒడ్డునే ఒక తుంగ కాడ మీద తూనీగ కనబడింది. రెక్కలు సగం విచ్చుకున్నాయి. వెనకాల బ్యారేజీ ఉంది కానీ, కాడ కొంచెం పక్కకి ఉంది. నాలుగు అంగుళాలు జరిగితే గేట్ల వరస సరిగ్గా రెక్కల వెనక పడుతుంది. నేనేం చేశాను? కాడని వేలితో వంచి పక్క కాడకి తగిలించాను. రెండు ఫొటోలు తీశాను. మూడో దానికి కాడ జారి విసురుగా వెనక్కి కొట్టింది. తూనీగ కింద పడలేదు, కానీ ఒకవైపు రెక్క పక్క ఆకుకి తగిలి మడత పడింది. సరిచేద్దాం అంటే ముట్టుకోవడానికి లేదు, ముడితే ఇంకా పాడవుతుంది. అక్కడే కూర్చున్నాను. మిగతా మూడు రెక్కలూ గట్టిపడ్డాయి, అది మాత్రం మడతతోనే గట్టిపడింది. ఎండ వచ్చాక ఎగరబోయి నీళ్ళ అంచున పడింది. చీమలు వచ్చాయి. ఆ రెండు ఫొటోలూ చాలా బాగా వచ్చాయండి. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

అందుకే ఇప్పుడు నేను పాటించే పద్ధతి చెప్తాను, రాసుకోండి.

ఒకటి, కాడని ముట్టుకోకూడదు. కదలాల్సింది మనం. బురదలో మోకాళ్ళ మీద కూర్చోవాల్సొచ్చినా సరే. రెండు, ముందురోజు సాయంత్రమే వెళ్ళి పాత కుబుసాలు ఎక్కడున్నాయో వెతకండి. కుబుసాలున్న చోటే మళ్ళీ తూనీగలు ఎక్కే అవకాశం ఎక్కువ. దాని వెనకాల ఏ కట్టడం పడుతుందో అప్పుడే చూసి పెట్టుకోండి. ఇలా చేస్తే వంచాల్సిన అవసరమే రాదు. మూడు, టార్చి నేరుగా కొట్టకండి. తెల్ల గుడ్డో బటర్ పేపరో అడ్డం పెట్టి, పక్కనుంచి కొద్దిగా వెయ్యండి.

నాలుగు, లెన్సు. వంద మిల్లీమీటర్ల మాక్రోతో తీస్తే తూనీగ బ్రహ్మాండంగా వస్తుంది కానీ బ్యారేజీ మసకై మాయమవుతుంది. రెండూ కావాలంటే దగ్గరగా ఫోకస్ అయ్యే వైడ్ లెన్సు, ఎఫ్ 11 దగ్గర. ఫోన్ ఉన్నవాళ్ళు బాధపడక్కర్లేదు, చిన్న సెన్సర్ కాబట్టి ఫోన్లో వెనకది కూడా కొంత స్పష్టంగానే వస్తుంది. తూనీగ మీద వేలు పెట్టి ఫోకస్ చేసి, వెలుతురు కొంచెం తగ్గించండి. ఆకాశం తెల్లబడకుండా ఉంటుంది, రెక్కలు వెనక వెలుగుకి అద్దంలా మెరుస్తాయి. వరస ఫొటోలు కావాలంటే మూడు నిమిషాలకొకటి చాలు.

అయిదు, మీ ప్రాణం. ఎగువనుంచి నీళ్ళు వదిలితే ఒడ్డు క్షణాల్లో మారుతుంది. 2024 సెప్టెంబరు వరదలో ఈ బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. వరద హెచ్చరిక ఉన్న రోజు ఒడ్డుకి దిగొద్దు. ఒంటరిగా వెళ్ళొద్దు. డ్రోన్ ఎగరేయాలంటే ఆ చోటు ఏ జోన్లో ఉందో ముందు చూసుకుని, అనుమతి ఉంటేనే.

ఇంకొక్క మాట. మొన్నామధ్య అదే ఘాట్ దగ్గర పదేళ్ళ పిల్లాడు చేతిలో దారంతో వచ్చాడు. తూనీగ తోకకి కట్టడానికి. చిన్నప్పుడు మనమూ చేసినవాళ్ళమే కదా, తిట్టడానికి నోరు రాలేదు. మెట్టు మీద ఒకటి వెల్లకిలా వేలాడుతోంది. "బాబాయ్, చచ్చిపోయిందా?" అన్నాడు.

"లేదురా, పుడుతోంది. ముట్టుకోకుండా కూర్చో" అన్నాను.

కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు వెళ్ళిపోతానన్నాడు, మళ్ళీ కూర్చున్నాడు. గంటన్నర తర్వాత రెక్కలు తెరుచుకున్నాయి. అది లేచి వాడి తల మీదుగా బ్యారేజీ వైపు పోయింది. దారం మెట్టు మీదే మర్చిపోయి, కుబుసం జేబులో వేసుకుని ఇంటికి పరిగెత్తాడు.

నేను ఆరోజు ఒక్క ఫొటో కూడా తీయలేదు. కెమెరా బ్యాగులోనే ఉంది.

మీ ఊళ్ళో నది లేకపోయినా ఫర్వాలేదు. చెరువుగట్టు, పొలం కాలువ, చివరికి వాన నీళ్ళు నిలిచిన ఖాళీ స్థలం అయినా సరే. తెల్లవారుజామున ఒక్కసారి వెళ్ళి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి మరి, నమస్కారం.