గడువు పొడిగింపు

ఆఫీసులో పనిచేసే మా వంటివారికి గడువు పొడిగింపు కొత్త మాట కాదు. తాత్కాలికంగా మంజూరైన ఉద్యోగాలకు ఏటేటా ఉత్తర్వు రావాలి. కాగితం మీద రెండు పంక్తులే. అవి ఆలస్యమైతే జీతం ఆగుతుంది, ఇంట్లో పొయ్యి కష్టమవుతుంది.

దేశాల నడుమ కాపలాకు కూడా ఇట్లాంటి ఉత్తర్వే కావాలి. దక్షిణ లెబనానులో ఐక్యరాజ్య సమితి శాంతిసేన 1978 మార్చిలో అడుగుపెట్టింది. మొదట ఇచ్చిన గడువు ఆరు నెలలే! పొడిగిస్తూ పొడిగిస్తూ నలభై ఏడేళ్లు దాటింది. 2000లో ఇజ్రాయెలు సేన వెనుదిరిగినప్పుడు సమితి గుర్తించిన నీలి గీత సుమారు 120 కిలోమీటర్లు. దాని వెంబడి తుపాకులు పేలకుండా కనిపెట్టడం, పేలితే సమితికి తెలపడం, ఇరుపక్షాల సైన్యాధికారులను మాట్లాడించడం ఆ సేన పని. ఆ పనిలో 300 మందికి పైగా సైనికులు ప్రాణాలు విడిచారు.

మన దేశం 1998లో అక్కడికి పటాలాన్ని పంపింది. మన సైన్యపు పశువైద్యులు అక్కడి రైతుల మేకలకూ ఆవులకూ వైద్యం చేశారు. మత్తిగిరి పశువుల ఫారం ఎరిగిన హోసూరువారికి ఆ సేవ విలువ వేరే చెప్పనక్కరలేదు.

సేన ఉన్నా 2006లో, 2024లో యుద్ధాలు వచ్చాయి గదా, ఇంకెందుకని అమెరికా, ఇజ్రాయెలు వాదించాయి. ఉండాలనే లెబనాను కోరింది. చివరకు 2025 ఆగస్టు 28న భద్రతా మండలి ఏకగ్రీవంగా ఆఖరి పొడిగింపు ఇచ్చింది: 2026 డిసెంబరు 31 వరకు పని, ఆ తరువాత ఏడాదిలోగా తిరుగుప్రయాణం.

మనమూ సరిహద్దువాళ్లమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు హోసూరు, కృష్ణగిరి మద్రాసు రాష్ట్రంలోనే నిలిచాయి. బడిలో తెలుగు కోసం మనవారు అర్జీలు పెట్టారు, కోర్టు మెట్లెక్కారు. అయినా అత్తిబెలె దారిలోగాని, కుప్పం దారిలోగాని నీలిటోపీ సైనికుడు నిలవవలసిన అవసరం రాలేదు. తమిళులూ కన్నడిగులూ మనమూ ఒకే సంతలో బేరమాడుకుంటూ బతుకుతున్నాము.

అక్కడి పల్లెవారు కోరేదీ ఇంతకంటె ఎక్కువ కాదు. కంచె చేనును కాస్తుంది గాని పంట పండించలేదు. కాపలావారు వెళ్లేలోగా ఇరుగుపొరుగులు కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ పనికి మాత్రం గడువు పొడిగించుకుంటూ పోరాదని మా మనవి.