ముక్కుదిబ్బడ: మందుకు ముందు కారణం

అర్ధరాత్రి ఇల్లంతా నిద్రలో ఉంటుంది. ఆరేళ్ల బాబు మాత్రం నోరు తెరచుకుని గురక పెడుతుంటాడు. 'పడిశం పట్టినట్లుంది, రెండు రోజుల్లో తగ్గుతుంది' అనుకుంటాం. ఆ రెండు రోజులు రెండు నెలలవుతాయి. పిల్లవాడు ఉదయం బద్ధకంగా లేస్తాడు. పిలిస్తే పలకడం లేదని బడి నుంచి ఫిర్యాదు వస్తుంది. మనం అతణ్ణి మందలిస్తాం. కాని తప్పు పిల్లవాడిది కాకపోవచ్చు. అతని ఊపిరికి అడ్డుపడుతున్నదేమిటో వెదకకపోవడం మన పొరపాటు.

ముక్కు కేవలం గాలి వెళ్లే దారి కాదు. పీల్చిన గాలిని అది వెచ్చబరుస్తుంది, దానికి తేమను చేరుస్తుంది, దుమ్మును వడగడుతుంది. నోటితో గాలి పీల్చేవారికి ఈ మేలు సరిగా అందదు. గొంతు ఎండిపోతుంది, నిద్ర చెడుతుంది. అయితే కొన్ని గంటలకొకసారి ఒక రంధ్రం కాస్త బిగుసుకుని, రెండవది తెరచుకోవడం సహజమే. దిబ్బడ తగ్గకుండా వేధిస్తున్నప్పుడే మనం ఆలోచించాలి. ముక్కుదిబ్బడ ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక కారణాలు అనేకం. వాటిని పసిగట్టడానికి మనం మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు.

మొదటిది: ఏ వైపు? ఎప్పుడూ ఒకే వైపు మూసుకుపోతుంటే ముక్కు దూలం వంకరగా ఉండవచ్చు. పసిపిల్లలకు ఒక రంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే, లోపల పూసో గింజో ఇరుక్కుందేమోనని అనుమానించాలి. అది బొమ్మల్లో వాడే గుండ్రటి చిన్న బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపలి కణజాలాన్ని కాల్చివేస్తుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. పెద్దలకు ఒకే వైపు దిబ్బడతోపాటు తరచుగా రక్తం వస్తుంటే ఆలస్యం చేయరాదు.

రెండవది: ఎప్పుడు? నిద్ర లేవగానే వరుస తుమ్ములు, దురద, నీరు కారడం ఉంటే అలర్జీ కావచ్చు. పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనిపించని దుమ్ము పురుగులు, బొద్దింకలు, పెంపుడు జంతువులు, పుప్పొడి ఇందుకు సాధారణ కారణాలు. ఇల్లు పరిమళించాలని మనం వేసే ఊదు పొగ, అగరుబత్తి, ఘాటైన అత్తరు కూడా కొందరి ముక్కును బాధిస్తాయి. దుప్పట్లను, దిండు గలీబులను వారానికొకసారి వేడినీటితో ఉతకడం మంచిది.

మూడవది: దిబ్బడతోపాటు ఇంకేముంది? పిల్లల్లో గురక, నోటితో ఊపిరి, వినికిడి తగ్గడం కలిసి కనిపిస్తే, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్లు పెరిగాయేమో చూపించాలి. వాటివల్ల చెవిపొర వెనుక ద్రవం చేరి పిల్లవాడికి మాట సరిగా వినబడకపోవచ్చు. బడిలో అతడు పలకకపోవడానికి అసలు కారణం అదే కావచ్చు. అందరికీ శస్త్రచికిత్స అవసరం కాదు. వయసు పెరిగేకొద్దీ అవి సాధారణంగా కుంచించుకుపోతాయి. పెద్దల్లో వాసన తెలియకపోవడం, రెండు వైపులా దిబ్బడ ఉంటే పాలిప్‌లు కారణం కావచ్చు.

కారణం వెదకకుండా మనం చేసే పెద్ద పొరపాటు చుక్కల మందు. జైలోమెటాజొలిన్, ఆక్సీమెటాజొలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కును తెరుస్తాయి. కాని మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం తగ్గగానే దిబ్బడ మరింత బిగుసుకోవచ్చు. మళ్లీ వేస్తాం, మళ్లీ బిగుస్తుంది. చివరికి మందే జబ్బు అవుతుంది. చిన్నపిల్లలకు వైద్యుని సలహా లేకుండా వీటిని వేయరాదు. అలర్జీకి వైద్యులు రాసే స్టెరాయిడ్ స్ప్రే వేరు. అది పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజుల నుంచి వారాలు పడుతుంది. రెండు రోజులు వాడి 'గుణం లేద'ని మానేయకూడదు.

చెవి, ముక్కు, గొంతు వైద్యుడు వెలుతురు వేసి, అవసరమైతే సన్నని గొట్టంతో లోపల చూస్తాడు. అలర్జీ పరీక్షలు, సీటీ స్కాన్ అందరికీ అక్కర్లేదు. దిబ్బడ ఎప్పుడు మొదలైందో, ఏ వైపో, ఏ మందు ఎన్నాళ్లు వాడామో రాసుకుని వెళితే అతని పని సులువవుతుంది.

వుజూ చేసేటప్పుడు రోజుకు ఎన్నోసార్లు ముక్కును శుభ్రపరచుకునే మనకు, ఒక వైపు నీరు ఎక్కడం లేదన్న సంగతి తెలియకుండా పోదు. తెలిసినదాన్ని నిర్లక్ష్యం చేయకుండా ఉందాం. ఈ రాత్రి పిల్లలు నిద్రించాక ఒక్క నిమిషం వారి ఊపిరిని ఆలకిద్దాం. రేపు వారిని మందలించే ముందు, వారికి మన మాట వినబడుతోందో లేదో తెలుసుకుందాం.