ఆకలి లేని తిండి: దానికి బదులు ఏం చేయాలి?

పాడి పశువు మేత గురించి మన సంఘ సభ్యులకు కొత్తగా చెప్పవలసినది తక్కువ. ఏ వేళకు ఎంత పచ్చిమేత వేయాలి, ఎంత దాణా పెట్టాలి అన్న లెక్క ప్రతి ఇంటిలోనూ వున్నది. ఆవు ఒక్కపూట మేత ముట్టకపోయినా వెంటనే గమనిస్తాం. కాని ఇంటిలోని మనుషులు ఎప్పుడు తింటున్నారు, ఎందుకు తింటున్నారు అన్నది మాత్రం గమనించం. ఈ "ఎందుకు" అన్న విషయం ముఖ్యమైనది.

కడుపు ఖాళీ అయి తినడం ఒక రకం. మనసు బాగాలేక తినడం రెండవ రకం. పాలలో వెన్నశాతం తక్కువ వచ్చిందని దిగులు, మూడుసార్లు సూది వేయించినా ఆవు చూడి కట్టలేదని చికాకు, చెనిక్కాయ పంటకు వాన అదను తప్పిందని బెంగ, పిల్లలు పట్నం వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిందన్న బాధ. ఇలాంటి సమయాలలో చేయి తనంతట తానే మురుకుల డబ్బా మీదకు పోతుంది. అంగడి దగ్గర కూర్చుంటే టీ మీద టీ, దానితో బోండా. ఆకలి వేసి తిన్నది కాదు కనుక ఎంత తిన్నా తృప్తి వుండదు.

ఇలా ఎందుకు జరుగుతుంది?

మన పశువులను చూస్తేనే ఇది కొంత అర్థమవుతుంది. కొత్త మనిషి దగ్గరకు వచ్చినా, కుక్క మీదికి దూకినా, కొట్టినా ఆవు పాలు చేపదు. భయపడినప్పుడు అడ్రినలిన్ అనే రసం రక్తంలో చేరి, పాలు చేపించే ఆక్సిటోసిన్ పనికి అడ్డు తగులుతుంది. మనసులో కలిగిన కలత శరీరం పనిని మార్చివేసిందన్నమాట.

మనిషిలోనూ అంతే. ఒక్కసారిగా భయం కలిగితే ఆకలి చచ్చిపోతుంది. కాని దిగులు వారాలు, నెలలు సాగితే కార్టిసోల్ అనే మరొక రసం ఎక్కువవుతుంది. అప్పుడు చాలామందికి తీపి మీద, నూనె వంటల మీద కోరిక పెరుగుతుంది. అవి తిన్న కొద్దిసేపు మనసు తేలికపడుతుంది. ఆ తేలికను మెదడు గుర్తు పెట్టుకుని, తరువాత దిగులు కలిగినప్పుడు మళ్లీ అదే అడుగుతుంది. అలవాటు ఈ విధంగా ఏర్పడుతుంది. కనుక దీనిని తిండిపోతుతనమని తిట్టడం, మనలను మనం నిందించుకోవడం వల్ల ప్రయోజనం లేదు. నింద వల్ల దిగులు ఇంకా పెరిగి, మళ్లీ తిండి వైపే లాగుతుంది.

1986లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఆహారపు అలవాట్లను పరిశీలించే ఒక ప్రశ్నావళిని తయారుచేశారు. అందులో మూడు విషయాలను వేరువేరుగా చూశారు: మనసులోని కలత వల్ల తినడం, ఎదురుగా కనిపించినందువల్ల, వాసన తగిలినందువల్ల తినడం, బరువు పెరుగుతుందని కావాలని తిండి తగ్గించుకోవడం. మన ఇళ్లలోనూ ఈ మూడూ వున్నాయి.

ఇప్పుడు జాగ్రత్త ఎందుకు?

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో వెనుక రాగి సంగటి, ఊరిబిండి, మజ్జిగ రోజువారీ ఆహారం. కజ్జికాయలు, నిప్పట్లు పండుగలకే చేసేవారు. చేసినవాటిని నలుగురికీ పంచేవారు. ఇప్పుడు ప్రతి చిల్లర అంగడిలోనూ పొట్లాలు తోరణాలుగా వేలాడుతున్నాయి. పొలంపనిలో నడక, మోత కూడా తగ్గాయి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారం దేశంలో మధుమేహం వున్నవారు 10 కోట్లకు పైగా వున్నారు. పల్లెలు దీనికి మినహాయింపు కావు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక టీలో రెండు చెంచాల చక్కెర అంటే సుమారు 10 గ్రాములు. రోజుకు ఐదు టీలు తాగితే 50 గ్రాములు. పైనుంచి కలిపే చక్కెర రోజుకు 50 గ్రాములు దాటరాదనీ, 25 గ్రాములకు తగ్గిస్తే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. టీతోనే హద్దు నిండిపోయింది. ఇక బిస్కెట్లకు, మిఠాయికి చోటెక్కడ? చక్కెరకు బదులు బెల్లం వేసినా లెక్క పెద్దగా మారదు.

ఏ ఆకలో గుర్తుపట్టడం

కడుపు ఆకలి మెల్లగా వస్తుంది. ఏది పెట్టినా తినబుద్ధి అవుతుంది, నిండగానే చాలనిపిస్తుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, ఫలానా వస్తువే కావాలంటుంది, నిండినా ఆగదు. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: "ఇప్పుడు సంగటి, మజ్జిగ పెడితే తింటానా?" తింటాననిపిస్తే అది నిజమైన ఆకలి. కూర్చుని కడుపునిండా తినండి. "అది వద్దు, మిక్చరే కావాలి" అనిపిస్తే కలత ఎక్కడుందో చూడాలి.

బదులుగా చేయదగిన పనులు

1. పది నిమిషాలు ఆగండి. ఒక చెంబు నీళ్లు, లేదా పలుచని మజ్జిగ తాగండి. రక్తపోటు వున్నవారు మజ్జిగలో ఉప్పు వేసుకోరాదు. పది నిమిషాల తరువాత కూడా కావాలనిపిస్తే కొద్దిగా గిన్నెలో పెట్టుకుని, కూర్చుని, రుచి చూస్తూ తినండి. డబ్బాలో చేయి పెట్టి తినవద్దు. తిరుమల లడ్డు ఇంటికి వస్తే మనం చేసే పనే ఇది. కళ్లకద్దుకుని, చిటికెడు నోట వేసుకుని, మిగిలినది పంచుతాం. కొంచెమైనా తృప్తి కలుగుతుంది.

2. కలతకు తగిన మందు వెతకండి. అలసట అయితే దానికి మందు నిద్రే. తెల్లవారుజామున పాలు పితకడానికి లేచేవారు రాత్రి పెందలాడే పడుకోవాలి, లేదా మధ్యాహ్నం కాసేపు కునుకు తీయాలి. నిద్ర చాలకపోతే మరునాడు ఆకలి ఎక్కువవుతుంది. కోపమైతే కయ్య గట్టు మీద ఒక చుట్టు నడిచి రండి. పశువుల పాక శుభ్రం చేసినా కోపం దిగుతుంది. అప్పు గురించి దిగులైతే ఎవరికెంత ఇవ్వాలి, పాలబిల్లు ఎంత వస్తుంది అన్నది కాగితం మీద రాయండి. అప్పు తగ్గకపోయినా, లెక్క తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. ఒంటరితనమైతే ఒక మనిషితో మాట్లాడండి. ఏమీ తోచకపోతే చేతికి పని కల్పించండి. చెక్కభజన, కోలాటం వున్న ఊళ్లలో సాయంకాలం అక్కడికి వెళ్లినా మంచిదే.

3. పూట తప్పించవద్దు. నిన్న ఎక్కువ తిన్నామని నేడు పస్తుంటే రాత్రికి ఆగలేరు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది యువకులకు ఆరు నెలలపాటు సగం తిండి పెట్టి పరిశీలించారు. వారి ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయి. తరువాత తిండి పెట్టినప్పుడు కొందరికి ఎంత తిన్నా చాలలేదు. వేళకు తినేవారికి కోరికను ఆపుకోవడం సులభం.

4. ఇంటికి కొన్ని పాలు వుంచుకోండి. పితికినవన్నీ సంఘానికి పోసి, పిల్లలకు బిస్కెట్ పొట్లం కొనే ఇళ్లు వున్నాయి. పెరుగు, ఉడికించిన చెనిక్కాయలు గుప్పెడు, ఒక జామపండు ఇంట్లో వుంటే పొట్లంతో పనిలేదు. చెనిక్కాయలలోనూ నూనె ఎక్కువే కనుక గుప్పెడు దాటవద్దు. మురుకుల డబ్బాను కంటికి కనిపించని చోట పెట్టండి.

5. మిగిలినది పారవేయలేక తినవద్దు. ఈ మాట ముఖ్యంగా మన అక్కచెల్లెళ్లకు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన అన్నం కడుపు నిండినా తినడం పొదుపు కాదు. మరునాటికి సద్దిగా నీళ్లు పోసి వుంచండి. కొద్దిగా అయితే కుడితిలో కలపవచ్చు. అయితే అన్నం ఎక్కువగా పెడితే పశువు కడుపులో ఆమ్లం పెరిగి ప్రాణానికే ప్రమాదం. ఈ సంగతి మరువకండి.

6. ఏడ్చే బిడ్డకు తీపి చేతిలో పెట్టి ఊరుకోబెట్టవద్దు. ముందు ఎత్తుకోండి, ఎందుకు ఏడుస్తున్నాడో అడగండి. బాధకు తిండే మందన్న అలవాటు ఆ వయసులోనే పడుతుంది.

వైద్యుని ఎప్పుడు కలవాలి?

ఎవరూ చూడకుండా పెద్ద మొత్తంలో తినడం, తిన్నది కావాలని కక్కుకోవడం, రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోవడం, బతుకు మీద విరక్తి కలగడం జరిగితే ఇంటి చిట్కాలతో ఆగవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇందుకు రుసుము లేదు. మధుమేహం వున్నవారు మందులు వేసుకుంటూ పస్తులుండటం ప్రమాదకరం. ఆహారంలో మార్పులు వైద్యుని అడిగే చేయాలి.

ఒక వారం రోజులు ప్రయత్నించి చూడండి. పాలకార్డు వెనుక గాని, పిల్లల పాత నోటుపుస్తకంలో గాని, వేళ కాని వేళ తిన్నప్పుడల్లా ఏం తిన్నారు, అంతకు ముందు మనసు ఎలా వున్నది అన్నది ఒక ముక్క రాయండి. రాయడం రానివారు పిల్లలచేత రాయించండి. వారం తిరిగేసరికి ఏ వేళ, ఏ కలత మిమ్ములను డబ్బా దగ్గరకు తీసుకుపోతున్నదో తెలుస్తుంది. ఆ ఒక్క వేళకు పైన చెప్పిన వాటిలో ఒక పని ఎంచుకోండి. ఒకరోజు తప్పినా ఫరవాలేదు. తరువాతి పూట మామూలుగా భోంచేసి, మళ్లీ మొదలుపెట్టండి.