కారు క్రయవిక్రయములు: రంగు విలువ, కాగితము విలువ

ఒకప్పుడు పల్లెకు మోటారు కారు వచ్చినచో పిల్లలు దాని వెంట పరుగిడెడివారు. నేడు కారు పల్లెకు వింత కాదు. అద్దెకు నడిపి జీవనము గడుపు యువకుడు, ముదుసలి తల్లిదండ్రులను పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవలసిన రైతు, దూరపు పాఠశాలకు పోయివచ్చు ఉపాధ్యాయుడు కారు కొనుచున్నారు. పొలము, ఇల్లు తరువాత అనేక కుటుంబములకు ఇదియే పెద్ద వ్యయము. అయినను, ఎకరము భూమి కొనునపుడు అడంగలు, పహాణీ తెప్పించి పదిమందిని విచారించువారే, కారు కొనునపుడు రంగు చూచి, టైరును కాలితో తన్ని, బేరము ముగించుట కద్దు.

ఇట్టి బేరములకు సాక్షులుగను, తరువాత తగవు వచ్చినచో పెద్దమనుష్యులుగను పంచాయతీ సభ్యులనే గ్రామస్థులు పిలుచుదురు. కావున కారు ధర ఎట్లు ఏర్పడును, అందు రంగునకు గల స్థానమెంత, ఏ కాగితము లేకున్న ఎవరికి నష్టము అను విషయములు సభ్యులు తెలిసికొనియుండుట మేలు.

కొత్త కారు ధర

షోరూమునందు మొదట చెప్పు ధర వేరు, కారు ఇంటికి చేరునప్పటికి అగు ధర వేరు. మొదటి ధరకు జీవితకాలపు పన్ను, రిజిస్ట్రేషను రుసుము, బీమా, అలంకరణ సామగ్రి చేరును. ఈ పద్దులన్నిటిని విడివిడిగా వ్రాయించి తీసికొనవలెను. వీనిలో పన్ను, రుసుము తప్పనివి. అలంకరణ సామగ్రి కొనువాని యిష్టము. బీమా తప్పనిసరియే కాని, డీలరు చూపిన కంపెనీయందే తీసికొనవలెనను నిర్బంధము లేదు. ఇతర కంపెనీల ధరలు విచారించి తక్కువదానిని ఎన్నుకొనవచ్చును. తాత్కాలిక రిజిస్ట్రేషను గాని శాశ్వత రిజిస్ట్రేషను గాని లేనిదే డీలరు కొత్త వాహనమును అప్పగింపరాదు.

2025 సెప్టెంబరు 22వ తేదీనుండి చిన్న కార్లపై వస్తు సేవల పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది. 4 మీటర్లకు మించని పొడవు, పెట్రోలు కారైనచో 1200, డీసెలు కారైనచో 1500 ఘన సెంటీమీటర్లకు మించని ఇంజను గలవి ఈ తరగతిలో చేరును. కొత్త కారు ధర తగ్గినపుడు పాత కారు ధరయు దాని వెంట దిగును. కనుక ఆ తేదీకి ముందు విన్న ధరలను మనస్సున నుంచుకొని పాత కారును బేరమాడరాదు.

పాత కారు తరుగుదల

కారు పొలము వంటిది కాదు. కొన్ననాటినుండి దాని విలువ తరుగుచునే యుండును. బీమా నిమిత్తము వాడుకలోనున్న తరుగుదల లెక్క బేరమునకు మంచి కొలబద్ద. కొత్త ధరపై మొదటి ఆరు నెలలలో నూటికి 5, ఆరు నెలలు దాటి ఏడాది వరకు 15, రెండేండ్ల వరకు 20, మూడేండ్ల వరకు 30, నాలుగేండ్ల వరకు 40, ఐదేండ్ల వరకు 50 చొప్పున తగ్గింతురు. ఉదాహరణమునకు, 8 లక్షల రూపాయల కారు రెండేండ్ల తొమ్మిది నెలలు నడచినదనుకొందము. ఈ లెక్క ప్రకారము దాని బీమా విలువ 5 లక్షల 60 వేలు. అంగడి ధర దీనికి కొంత హెచ్చుగనో తగ్గుగనో యుండవచ్చును. తిరిగిన కిలోమీటర్లు, ఎందరి చేతులు మారినది, ప్రమాదమునకు గురియైనదా, సర్వీసు సక్రమముగా జరిగినదా అనువాటినిబట్టి ఆ తేడా వచ్చును.

ఈ పట్టికలో రంగునకు గడి లేదు. అయినను అంగడియందు రంగు మాట తప్పక వచ్చును.

రంగు సంగతి

అమెరికాలో ఫోర్డు కంపెనీ మోడల్ టి కారును 1914 మొదలు 1925 వరకు నల్లరంగుతోడనే చేసి అమ్మినది. త్వరగా ఆరు కొత్త రంగులు 1920 తరువాత వచ్చుటతో కంపెనీలు పలురంగుల కార్లతో పోటీపడసాగినవి. నాటినుండి రంగు కూడ అమ్మకపు సరకైనది.

మన దేశమున తెలుపు కార్లు ఎక్కువగా అమ్ముడగుచున్నవి. ఇటీవల నలుపునకు ఆదరము పెరుగుచున్నది. తెలుపు, వెండి, బూడిద రంగుల పాత కారును అడుగువారు పలువురుందురు గనుక డీలరు దానిని శీఘ్రముగా అమ్ముకొనగలడు. పచ్చనిదో, నారింజ రంగుదో అయినచో దానిని మెచ్చు కొనుగోలుదారు వచ్చువరకు అంగడిలో నిలుపవలసివచ్చును. ఆ నిలుపుదల వ్యయమును తలచియే అతడు ధర తగ్గించి అడుగును. దీనినిబట్టి గ్రహింపవలసినది యేమనగా, రంగునకు స్వతస్సిద్ధమైన విలువ లేదు. కోరువారెందరు, దొరకునవి ఎన్ని అనుదానినిబట్టియే దాని విలువ. కొనునపుడు ఆ రంగు పేరు చెప్పి ధర తగ్గించుకొన్నవాడు, అమ్మునపుడు అదే కారణమున కొంత తగ్గినను నష్టపడడు. హెచ్చు ధర యిచ్చి అరుదైన రంగు కొన్నవాడే నష్టపడును.

ఉపయోగమునుబట్టియు రంగును ఎంచవలెను. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలవారు ఒకే రకపు కార్లు రెంటిని, ఒకటి నలుపు, ఒకటి వెండి రంగు, ఎండలో నిలిపి పరీక్షించిరి. వెండి రంగు కారులోని గాలి 5, 6 డిగ్రీలు చల్లగా నున్నదని వారు 2011లో ప్రకటించిరి. రెంటచింతల, రామగుండము ఎండలెరిగినవారికి దీని ప్రయోజనము వేరుగ చెప్పనక్కరలేదు. నల్లని కారుపై దుమ్ము, గీతలు స్పష్టముగా కానవచ్చును. మెరుపు కలిపిన రంగులకు కొన్ని కంపెనీలు అదనపు ధర తీసికొనును. గీత పడినపుడు వానిని సరిగా కలిపి పూయించుట సాదా తెలుపుకంటె కష్టము, ఖర్చు.

రంగు విషయమున రెండు నిబంధనలు గుర్తుంచుకొనవలెను. కారు రంగు రిజిస్ట్రేషను పత్రమందు, అనగా ఆర్.సి.యందు, నమోదైయుండును. దానిని పూర్తిగా మార్పించినచో రవాణాశాఖ అనుమతి పొంది ఆర్.సి.యందు వ్రాయించవలెను. ఆర్.సి.లో ఒక రంగు, కారుపై మరియొక రంగు ఉన్నచో ఆ బేరము విడుచుట మంచిది. ఇక సైనిక వాహనముల ఆలివ్ ఆకుపచ్చ రంగును ఇతరుల వాహనములకు పూయరాదు.

కారంతయు ఏ రంగైనను అంత చింత లేదు. ఒక తలుపు ఒక ఛాయ, ప్రక్క తలుపు ఇంకొక ఛాయ యైనచో చింతింపవలెను. అది దెబ్బతిని మరల రంగు పూసిన గుర్తు. పగటి వెలుతురున, కారును కడిగించి, ప్రక్కనుండి పరికించిన ఈ తేడా తెలియును. తలుపు చుట్టునుండు రబ్బరుపై రంగు తుంపరలు పడియున్నచో సందేహము బలపడును. చిన్న గీతకు రంగు వేయుట దోషము కాదు గాని, చట్రము వంగిన కారునకు రంగు వేసి దాచుట మోసము.

వరద నీట మునిగిన కార్లు కూడ మెరుగుపెట్టబడి అంగడికి వచ్చుచుండును. 2020 అక్టోబరున హైదరాబాదునందు, 2024 సెప్టెంబరున బుడమేరు వరదలలో విజయవాడయందు అనేక వాహనములు మునిగినవి. అట్టి కారును గుర్తించుటకు సీటు బెల్టును చివరివరకు లాగి మట్టిచార కలదేమో చూడవలెను. సీట్ల క్రింది ఇనుముపై త్రుప్పు, కాలి తివాచీ క్రింద బురద, లోపల ముక్కవాసన కలవేమో పరిశీలింపవలెను.

అమ్మినను తీరని బాధ్యత

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. కారు అమ్మి, డబ్బు లెక్కపెట్టుకొని, తాళము చేతులిచ్చినంతమాత్రమున అమ్మినవాని బాధ్యత తీరదు. ఒక వ్యక్తి 2007లో తన కారును అమ్మెను. అది ఒకరినుండి ఒకరికి చేతులు మారినది. రిజిస్ట్రేషను మాత్రము మొదటివాని పేరనే నిలిచినది. 2009లో ఆ కారు వలన ప్రమాదము జరిగి ప్రాణనష్టము కలిగినది. పరిహారము ఎవరు చెల్లింపవలెనను వ్యాజ్యము సుప్రీముకోర్టు వరకు పోయినది. రిజిస్ట్రేషను ఎవరి పేరనున్నదో అతడే చట్టము దృష్టిలో యజమాని యనియు, పరిహార బాధ్యత అతనిదే యనియు 2018 ఫిబ్రవరిలో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పినది. కారును కంటితో చూచి రెండేండ్లు గడచినవాడు, తాను చేయని ప్రమాదమునకు బాధ్యుడైనాడు. బీమా కూడ లేనియెడల ఇట్టి పరిహారము ఇల్లు, పొలము మీదికి వచ్చును.

కనుక మోటారు వాహనాల చట్టము విధించిన గడువులు అమ్మువారికిని కొనువారికిని కంఠస్థము కావలెను. అమ్మినవాడు అదే రాష్ట్రమునందైనచో 14 దినములలోగా, వేరు రాష్ట్రమునకు అమ్మినచో 45 దినములలోగా రవాణాశాఖకు తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలోగా తెలుపవలెను. ఇందుకు ఫారము 29, ఫారము 30 కలవు. కారుపై బ్యాంకు అప్పు ఉండి తీరినచో బ్యాంకువారి పత్రముతో ఫారము 35 దాఖలుచేసి ఆర్.సి.లోని అప్పు నమోదును తొలగింపించవలెను. యజమాని మరణించినచో వారసులు 30 దినములలోగా ఆ సంగతి తెలిపి, మూడు నెలలలోగా ఫారము 31తో పేరు మార్పించుకొనవలెను. తండ్రి గతించి ఏండ్లు గడచినను ఆయన పేరనే కారు నడుపుచున్న కుటుంబములు ఈ సంగతి గమనించవలెను.

2014లో రాష్ట్రము రెండైన తరువాత మనకు మరియొక జాగ్రత్త అవసరమైనది. హైదరాబాదులో కొన్న పాత కారును ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామమునకు గాని, విజయవాడలో కొన్నదానిని తెలంగాణకు గాని తెచ్చి నిలుపుకొనదలచినచో ఫారము 28పై నిరభ్యంతర పత్రము తీసికొనవలెను. పన్నెండు నెలలకు మించి ఉంచినచో కొత్త రాష్ట్రపు సంఖ్య పొందవలెను. ఆ రాష్ట్రపు పన్ను ఎంతయగునో బేరమునకు ముందే విచారించినచో, చవుకయని తెచ్చిన కారు ప్రియము కాకుండును.

డీలరుకు అమ్మునపుడు

పాత కార్ల డీలరులకు సంతకము చేసిన ఖాళీ ఫారములిచ్చి వచ్చుట చిరకాలపు అలవాటు. డీలరు పేరు మార్పించుకొనడు. కొనువాడు దొరికినపుడు ఆ ఖాళీలు పూరించును. ఆ నడుమ ఏమి జరిగినను అసలు యజమానిదే భారము. దీనిని నివారించుటకు కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో నియమములు సవరించినది. అవి 2023 ఏప్రిల్ 1నుండి అమలులో నున్నవి. వీని ప్రకారము పాత వాహనములు కొని అమ్ము డీలరు రవాణాశాఖ యిచ్చు అధికార పత్రము పొందవలెను. ఆ పత్రము ఐదేండ్లు చెల్లును. యజమాని తన కారును అట్టి డీలరుకు అప్పగించినపుడు ఆ సంగతి రవాణాశాఖ పోర్టలునందు నమోదు కావలెను. అప్పటినుండి ఆ కారునకు డీలరే యజమానిగా పరిగణింపబడును. అతడు దానిని పరీక్షకో, మరమ్మతుకో, కొనువారికి చూపుటకో తప్ప ఊరక త్రిప్పరాదు. ప్రతి ప్రయాణమునకు పద్దు ఉంచవలెను.

కావున డీలరును మొదట అడుగవలసినది ధర కాదు, అధికార పత్రము. తాళము ఇచ్చునపుడే నమోదు రశీదు పుచ్చుకొనవలెను. ఖాళీ ఫారముపై సంతకము ఎన్నడును చేయరాదు.

పాత కారు ధరపై మొత్తముగా నూటికి 18 పన్ను పడునను అపోహ కొందరికి కలదు. తన సొంత కారు అమ్ముకొను సామాన్యునికి ఈ పన్ను లేదు. డీలరు చెల్లించునది తన లాభముపై మాత్రమే. 4 లక్షలకు కొని 4 లక్షల 50 వేలకు అమ్మినచో పన్ను 50 వేలపై 9 వేలు మాత్రమే. ఇక 2 లక్షలు గాని అంతకు మించి గాని నగదు రూపమున పుచ్చుకొనుట చట్టవిరుద్ధము. బ్యాంకు ద్వారా చెల్లించినచో రుజువును మిగులును.

బీమా విషయమున కొన్నవాడు 14 దినములలోగా తన పేరునకు మార్చుకొనవలెను. ప్రమాదములు లేని ఏండ్లకు లభించు ప్రీమియం తగ్గింపు కారుతో పోదు, పాత యజమానితోనే నిలుచును. అతడు దానిని తన తరువాతి కారునకు వాడుకొనవచ్చును.

పంచాయతీ చేయదగినది

సభ్యులు కారు బేరమునకు సాక్షిగా పిలువబడినపుడు అయిదు ప్రశ్నలు అడిగిన చాలును. ఆర్.సి. ఎవరి పేర నున్నది? ఇంజను, ఛాసిస్ సంఖ్యలు, రంగు దానితో సరిపోవుచున్నవా? బ్యాంకు అప్పు తీరినదా? బీమా అమలులో నున్నదా? పేరు మార్పు దరఖాస్తు ఏనాడు పెట్టుదురు? ఈ అయిదింటికి సమాధానము దొరకువరకు సాక్షి సంతకము చేయకుండుట స్నేహభంగము కాదు, ఇరుపక్షములకు చేసిన మేలు.

గడువుల పట్టిక నొకదానిని పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డుపై అతికించుటకు ఖర్చు లేదు. గ్రామసభయందు ఒకమారు చదివి వినిపించినచో, ఏండ్ల క్రిందట అమ్మిన కారో మోటారు సైకిలో ఇంకను తన పేరనే యున్నదని గుర్తుకు తెచ్చుకొనువారు ప్రతి గ్రామమున కొందరుందురు. వారు మరునాడే రవాణా కార్యాలయమునకు పోయినచో ఒక కుటుంబపు పొలము నిలిచినట్లే.

రంగు నచ్చినది కొనుడు, తప్పులేదు. అది పోయిన మరల పూయవచ్చును. కాగితమున పేరు మారకున్న జరుగు నష్టమును పూడ్చుట మాత్రము ఎవరి తరము కాదు.