మీకిప్పుడు ఏ వైపు ఊపిరి ఆడుతోంది?

ఇంట్లో చిన్న అద్దం వుంటే తీసుకుని ముక్కు కింద అడ్డంగా పట్టుకోండి. నోరు మూసుకుని మామూలుగా ఊపిరి వదలండి. అద్దం మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఆ రెండూ సమానంగా వున్నాయేమో చూడండి. చాలామందికి సమానంగా వుండవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండు మూడు గంటలు పోయాక మళ్ళీ చూడండి. ఇందాకటి పెద్ద మచ్చ చిన్నదై, చిన్నది పెద్దదై వుండవచ్చు. జలుబు చేసిందేమోనని కంగారు పడకండి. మీకు తెలియకుండానే మీ ముక్కు ఇలా వంతులు వేసుకుని పని చేస్తోంది, అంతే.

ఈ వంతుల సంగతి మన పెద్దలు ఏనాడో కనిపెట్టారు. ఎడమ ముక్కుతో ముడిపడ్డ మార్గానికి ఇడ అనీ, కుడి ముక్కుతో ముడిపడ్డ దానికి పింగళ అనీ, నడుమ వెన్నుపూస వెంట పోయేదానికి సుషుమ్న అనీ పేర్లు పెట్టారు. ఇడ చంద్రుడు, చల్లన. పింగళ సూర్యుడు, వేడి. ఈ రెండూ సమమైతే ప్రాణం నడిమి దారి పట్టి సుషుమ్నలో ప్రవేశిస్తుందనీ, అప్పుడే మనసు నిలకడ చెందుతుందనీ హఠయోగుల మాట. స్వరశాస్త్రం తెలిసిన పెద్దలు ప్రయాణానికి బయలుదేరే ముందు ఏ వైపు ఊపిరి ఆడుతోందో చూసుకుని, ఆ వైపు కాలే ముందు గడప దాటించేవారు.

ఇప్పుడు ఆ గడపల సంగతి ఎలా వున్నా, నాడీశుద్ధి మాత్రం ఇంటింటికీ వచ్చింది. 2015 నుంచి ఏటా జూన్ 21న ప్రపంచమంతా యోగ దినం జరుపుకుంటున్నది. తెల్లవారగానే మేడ మీద చాప పరుచుకుని ముక్కు పట్టుకునేవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. మంచిదే. కానీ ఇంతకీ ఆ నాడులు ఎక్కడున్నాయి? మనం సమం చేస్తున్నది దేన్ని? అందువల్ల ఒరిగేదేమిటి? అడగవలసిన ప్రశ్నలే గదా!

ఒక మాట, మూడు అర్థాలు

ముందు మాట దగ్గరే చిక్కు వుంది. వైద్యుడు మణికట్టు పట్టుకుని ‘నాడి బాగానే కొట్టుకుంటోంది’ అంటాడు. అది రక్తం పారే ధమని. పిల్లల పాఠ్యపుస్తకంలో ‘నాడీవ్యవస్థ’ అని వుంటుంది. అది మెదడూ, వెన్నుపామూ, వాటి నరాలూ. యోగశాస్త్రం చెప్పే నాడి ఈ రెండూ కాదు. అది ప్రాణం సంచరించే సూక్ష్మమైన దారి. అసలు సంస్కృతంలో నాడి అంటే గొట్టం, బోలుగా వుండే కాడ. ఈ మూడింటినీ కలగలిపేయడం వల్లనే సగం అపోహలు పుట్టాయి.

ఆ దారులు ఎన్ని? హఠయోగ ప్రదీపిక 72 వేలు అన్నది. శివసంహిత మూడున్నర లక్షలు అన్నది. ప్రశ్నోపనిషత్తు లెక్క ఇంకా గొప్పది. హృదయం నుంచి 101 నాడులు, ఒక్కొక్కదానికి నూరేసి శాఖలు, ఒక్కొక్క శాఖకు 72 వేల ఉపశాఖలు. కాగితం మీద గుణించి చూస్తే 72 కోట్ల 72 లక్షలు వస్తుంది! ఒక గ్రంథానికీ మరో గ్రంథానికీ ఇంత తేడా వున్నదంటే, ఇవి కోసి చూసి లెక్కపెట్టిన అంకెలు కావని తెలుస్తూనే వుంది. కళ్ళు మూసుకుని కూర్చున్నవారు తమ లోపల అనుభవించినదాన్ని చెప్పుకున్న పద్ధతి అది.

నది ఒడ్డున ఒక పరీక్ష

కోసి చూసినవారు లేకపోలేదు. ఆర్యసమాజ స్థాపకులు స్వామి దయానంద సరస్వతి తమ స్వీయచరిత్రలో ఒక సంగతి రాసుకున్నారు. అప్పటికి ఆయన ముప్పై ఏళ్ళ వయసులో గంగ ఒడ్డున తిరుగుతున్న సన్యాసి. హఠప్రదీపిక వంటి పుస్తకాలు కొన్ని వెంట వుండేవి. వాటిలో నాడీచక్రాల వర్ణనలు చదివి, నిజమా కాదా అని ఎంతో కాలంగా సందేహం. ఒకనాడు నదిలో శవం కొట్టుకు వస్తున్నది. ఆయన నీళ్ళలోకి దూకి దాన్ని ఒడ్డుకు లాగి, కత్తితో కోసి, పుస్తకంలోని వర్ణనతో పోల్చి చూశారు. ఎక్కడా పొత్తు కుదరలేదు. అంతే! పుస్తకాలను చింపి శవంతోపాటు గంగలో విడిచిపెట్టారు.

అయితే గమనించవలసిన విషయం ఒకటి వుంది. పుస్తకాలను పారవేసిన ఆ స్వామి ప్రాణాయామాన్ని పారవేయలేదు. పతంజలి యోగాన్ని చివరిదాకా ఆదరించారు. పటం తప్పయినంత మాత్రాన ప్రయాణం తప్పు కాదని ఆయనకు తెలుసు.

ఆ తరువాత మరికొందరు ఇంకో దారి తొక్కారు. బొంబాయి డాక్టరు వసంత్ రేలే 1927లో ఒక ఇంగ్లీషు పుస్తకం వెలువరించి, కుండలిని అంటే వేగస్ నరమేనని వాదించారు. మెదడు నుంచి గుండెకూ, ఊపిరితిత్తులకూ, కడుపుకూ పోయే నరం అది. యోగుల మాటనూ డాక్టర్ల మాటనూ ఒకే తాడున కట్టాలని ఆయన ముచ్చట. కానీ ఏ శస్త్రవైద్యుడి కత్తికీ ఇంతవరకూ ఇడ గానీ, పింగళ గానీ తగలలేదు. ఇది ఒప్పుకోవడంలో మనకు చిన్నతనమేమీ లేదు.

ముక్కు వేసే వంతులు

మరి అద్దం మీది మచ్చల మాటేమిటి? అది మాత్రం అక్షరాలా నిజం. జర్మనీకి చెందిన రిచర్డ్ కైజర్ అనే వైద్యుడు 1895లో దీన్ని వివరించాడు. ముక్కు లోపల రక్తంతో ఉబ్బే మెత్తని పొర వుంటుంది. ఒక వైపు పొర ఉబ్బినప్పుడు ఆ దారి ఇరుకవుతుంది. అదే సమయానికి రెండోవైపు పొర తగ్గి, దారి విశాలమవుతుంది. కొన్ని గంటలకు పాత్రలు మారతాయి. మన ప్రమేయం లేకుండా గుండెనూ, అరుగుదలనూ నడిపించే నరాలే దీన్నీ నడుపుతాయి. స్వరశాస్త్రం మాత్రం రెండున్నర గడియలకు, అంటే సరిగ్గా గంటకు, స్వరం మారుతుందన్నది. నిజానికి అంత ఖచ్చితమైన గడియారం కాదు. మనిషికీ మనిషికీ తేడా వుంటుంది. కొందరిలో ఈ వంతులు స్పష్టంగా కనిపించనే కనిపించవు.

ఇంకొక వింత. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే కాసేపటికి కుడి ముక్కు తెరుచుకుంటుంది. కుడి పక్కకు పడుకుంటే ఎడమది తెరుచుకుంటుంది. చంకలో ఒత్తిడి కలిగినా ఇటువంటి మార్పే వస్తుంది. పటాలలో యోగులు చంక కింద కర్ర ఆనించుకుని కూర్చోవడం చూసే వుంటారు. అది యోగదండం. ఒట్టి అలంకారం కాదు, స్వరం మార్చుకునే సాధనం!

కాబట్టి కుడి ఎడమల ‘సమం’ అంటే, రెండు రంధ్రాలూ ఎల్లవేళలా ఒకేలా పనిచేయడం అనుకుంటే పొరపాటు. వంతులు వేసుకోవడమే ముక్కుకు సహజం. ఒక ముక్కు కాస్త బిగిసినట్టున్నదని దిగులు పడి, నాడులు చెడిపోయాయని చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు. అయితే ఎప్పుడూ ఒకవైపే మూసుకుపోయి వుంటే అది వేరు. ముక్కు డాక్టరుకు చూపించాలి.

సూర్యచంద్రులకు పరీక్ష

కుడి ముక్కు వేడి, ఎడమ ముక్కు చల్లన అన్న మాట నిజమేనా? బెంగుళూరులో షర్లీ టెల్లెస్, డాక్టర్ నాగరత్న, డాక్టర్ నాగేంద్ర దీన్ని పరీక్షించి 1994లో ఫలితాలు ప్రకటించారు. కొందరి చేత నెల రోజులు కుడి ముక్కుతోనే శ్వాస సాధన చేయించారు. కొందరి చేత ఎడమ ముక్కుతో, కొందరి చేత మార్చి మార్చి రెండింటితోనూ చేయించారు. నెల గడిచాక చూస్తే, కుడి ముక్కువారి శరీరం వాడుకునే ప్రాణవాయువు 37 శాతం పెరిగింది. సూర్యనాడి గెలిచిందని చప్పట్లు కొట్టబోయేలోగా తక్కిన అంకెలు కూడా వినండి. ఎడమ ముక్కువారికీ 24 శాతం పెరిగింది. మార్చి మార్చి చేసినవారికి 18 శాతం. అంటే సూర్యుడు వేడెక్కించిన మాట నిజమే గానీ, చంద్రుడు చల్లబరచలేదు! పాత మాటలో సగం నిలిచింది, సగం నిలవలేదు. పరీక్షకు కూర్చున్నవారు కూడా కొద్దిమందే గనక, దీని మీద మేడలు కట్టకూడదు.

మణికట్టు దగ్గర రహస్యం

అయితే నాడీశుద్ధి చేసినవారికి ఒళ్ళూ మనసూ తేలిక పడడం అబద్ధమా? కాదు. దాని గుట్టు ముక్కులో కంటే ఊపిరి వేగంలో వున్నది.

మీ మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి నాడి పట్టుకోండి. నెమ్మదిగా ఊపిరి పీల్చండి. నాడి కాస్త వేగం అందుకుంటుంది. ఇంకా నెమ్మదిగా వదలండి. నాడి నిదానిస్తుంది. పిల్లల్లో, యువకుల్లో ఇది బాగా తెలుస్తుంది. వయసు మళ్ళినవారిలో తక్కువగా వుంటుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండెకు కళ్ళెం వేసేది ఇందాక చెప్పుకున్న వేగస్ నరమే. వైద్యుడి నాడి, పాఠ్యపుస్తకం నాడి, యోగి నాడి మూడూ చేతులు కలిపే చోటు ఇదే.

పూర్వులు మనిషికి రోజుకు 21,600 శ్వాసలని లెక్క కట్టారు. నిమిషానికి పదిహేను అన్నమాట. నేటి వైద్యులు చెప్పే లెక్కకూ ఇది సరిపోతుంది. ఆ పదిహేనును ఆరుకు దించితే ఏమవుతుంది? ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతుల మీద పరీక్ష చేసి 2001లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించింది. లాటిన్ భాషలో మేరీమాత జపం చేసినా, ‘ఓం మణిపద్మే హుం’ అని జపించినా శ్వాస నిమిషానికి ఆరు దగ్గరకు దిగింది. ఆ వేగంలో ఊపిరి, గుండె, రక్తప్రసారం ఒకే లయలో నడిచాయి. రక్తపోటు హెచ్చుతగ్గులను సర్దే ఏర్పాటు మరింత చురుకైంది. దేవుడి పేరు ఏదైతేనేం, ఊపిరి నిదానించడమే అసలు మందు!

ముక్కును మార్చి మార్చి పట్టుకోవడంలో వున్న తెలివి కూడా ఇదే. ఒక్క రంధ్రంలోంచి ఎంత తొందరపడినా గాలి జోరుగా పోలేదు. వేళ్ళు, అంకెలు, కుడి ఎడమల వరస చూసుకునే పనిలో మనసు వీధిలో తిరగలేదు.

చేసే పద్ధతి

కడుపు తేలికగా వున్నప్పుడు, పొద్దున అయితే మరీ మంచిది, వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలో కూర్చున్నా తప్పులేదు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు మడవండి. బొటనవేలితో కుడి ముక్కు మూసి, ఎడమ ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు పీల్చండి. ఉంగరం వేలితో ఎడమది మూసి, కుడివైపు నుంచి ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఈసారి కుడివైపు పీల్చి ఎడమవైపు వదలండి. ఇది ఒక ఆవృత్తి. మొదట అయిదు ఆవృత్తులు చాలు. కొన్ని వారాలకు పది చేయవచ్చు. ఊపిరి మీ చెవికే వినపడనంత మెల్లగా సాగాలి. జలుబు చేసి ముక్కు బిగిసిననాడు మానేయండి. ఊపిరి బిగబట్టడం ఇందులో లేదని గుర్తుంచుకోండి.

తొందర పనికిరాదు

ఈ చివరి మాట ఎందుకు నొక్కి చెప్పవలసి వచ్చిందంటే, చిక్కంతా అక్కడే వస్తుంది. నాలుగు రోజులు చేయగానే కుంభకం మీదకు మనసు పోతుంది. పక్కింటాయన నిమిషంసేపు బిగబట్టాడని మనం నిమిషంన్నర ప్రయత్నిస్తాం. రక్తపోటు, గుండెజబ్బు వున్నవారూ, గర్భిణులూ కుంభకం జోలికి పోకూడదు. హఠయోగ ప్రదీపిక రాసిన స్వాత్మారాముడే ఈ విషయంలో మనకంటే గట్టిగా హెచ్చరించాడు. సింహాన్నీ, ఏనుగునూ మచ్చిక చేసుకున్నట్టు ప్రాణాన్ని మెల్లమెల్లగా వశం చేసుకోవాలనీ, లేకపోతే అది సాధకుణ్ణే హతమారుస్తుందనీ అన్నాడు. తప్పుగా చేస్తే వెక్కిళ్ళు, దగ్గు, ఉబ్బసం, తలనొప్పి వస్తాయని కూడా చెప్పాడు. నాడులు శుద్ధి కావడానికి ఆయన పెట్టిన గడువు మూడు నెలలకు తక్కువ లేదు. వారం రోజుల్లో ఫలితమనే ప్రకటనలు చూసినప్పుడు ఈ సంగతి జ్ఞాపకం చేసుకోండి.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి వుంది. ఇంటి యజమాని నెల రోజులు ప్రాణాయామం చేస్తాడు. నిద్ర బాగా పడుతుంది, కోపం తగ్గుతుంది. ‘నాడులు సమమయ్యాయి, ఇంక మాత్రలెందుకు?’ అని రక్తపోటు మాత్రలు అటక మీద పెడతాడు. రక్తపోటు పెరిగితే నొప్పి పుట్టదు గనక, ఏం జరుగుతున్నదో ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసేనాటికి పక్షవాతమో, గుండెపోటో వచ్చి కూర్చుంటుంది. నిదానమైన శ్వాస రక్తపోటును తగ్గిస్తే కొద్దిగా తగ్గించవచ్చు. మాత్ర చేసే పని అది చెయ్యదు. మాత్ర తగ్గించాలో అక్కరలేదో యంత్రంతో కొలిచి డాక్టరు చెప్పాలి గానీ, మన హాయి చెప్పకూడదు. ఇంట్లో పెద్దవారు ఎవరైనా కొత్తగా ప్రాణాయామం మొదలుపెడితే, చాప పరిచి పెట్టే ఇల్లాలు మాత్రల డబ్బా మీద కూడా ఒక కన్ను వేసి వుంచడం మంచిది.

ఇడా పింగళలు కత్తికి దొరకలేదని యోగాన్ని తోసిపుచ్చనక్కరలేదు. యోగం మంచిదని వైద్యుణ్ణి తోసిపుచ్చనూ కూడదు. రోజుకు పది నిమిషాలు ఖర్చులేని పని ఇది. ముక్కు మూసుకుంటే ముక్తి వస్తుందో రాదో గానీ, ఊపిరి నిదానిస్తే మాట నిదానిస్తుంది. మాట నిదానించిన ఇంట్లో సగం తగవులు వుండవు. అది చిన్న లాభం కాదు గదా!