కొమ్ముకో ధర, మండకో ధర

ఆర్మూర్‌లోని మా సెల్‌ఫోన్ దుకాణానికి వచ్చేవాళ్లలో పసుపు రైతులే ఎక్కువ. పంట అమ్మిన వారంలోనే ఫోన్లు మారుస్తారు. మొన్న ఒక కాకా కౌంటర్ మీద చెయ్యి ఆనించి అడిగాడు:

"ఏంది బిడ్డా, పోయినసారి పదివేలకే ఇస్తివి. ఇప్పుడు పదకొండంటున్నవ్. ఫోన్లు గింత పిరమైనయా?"

"పాతది వస్తలేదు కాకా. దీంట్ల మెమరీ డబుల్."

"నాకేం పని దాంతోని? మాట్లాడితే సాలు."

ధరల సూచీ లెక్కగట్టేవాళ్లకూ ఇదే చిక్కు. ఉప్పు పోయిన నెలా ఉప్పే, ఈ నెలా ఉప్పే. ఫోను అలా కాదు; ధర రాసుకున్న మోడల్ మళ్లీ వెళ్లేసరికి అంగట్లో ఉండదు.

పసుపు పండించిన ఇంట్లో పుట్టాను కాబట్టి నాకిది యార్డు లెక్కలాగే కనిపిస్తుంది. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పిల్లదుంప కొమ్ముకో ధర, తల్లిదుంప మండకో ధర. విరిచి లోపలి రంగు చూస్తారు, తేమ చూస్తారు. పోయిన వారం మండ అమ్మిన రైతుకు ఈ వారం కొమ్ముకు ఎక్కువ వస్తే, పసుపు ధర పెరిగిందని ఎవరూ అనరు.

గుణాన్ని విడదీసి ధర చూసే ఈ లెక్క కూడా కూరగాయల మార్కెట్‌లోనే మొదలైంది. 1920లలో ఫ్రెడరిక్ వా అనే అమెరికా ఆర్థికవేత్త బోస్టన్ మార్కెట్‌లో ఆస్పరాగస్ కాడలు ఎంత పచ్చగా ఉంటే ఎంత ఎక్కువ పలుకుతున్నాయో కొలిచాడు. 1939లో ఆండ్రూ కోర్ట్ అదే ఆలోచనను కార్లకు వర్తింపజేసి హెడోనిక్ పద్ధతి అన్నాడు. 1980లలో అమెరికా ప్రభుత్వం కంప్యూటర్లకూ వాడింది. ఒక్కో గుణానికి ఎంత పలుకుతుందో చూసి, పెరిగిన గుణం విలువను కొత్త ధరలోంచి తీసేయడమే ఈ పద్ధతి.

కాకా ఫోనే తీసుకుందాం. మెమరీలో తప్ప తేడా లేని రెండు ఫోన్ల మధ్య ఇవాళ 1,500 తేడా ఉందనుకోండి. 11,000లోంచి అది తీస్తే 9,500. అంటే పోయినసారి పదివేలతో పోలిస్తే ధర ఐదు శాతం తగ్గినట్టు.

తగ్గిన గుణాన్నీ ఇంతే నిజాయితీగా లెక్కపెట్టాలి. వెనకటి ఫోన్ల మూత గోటితో ఊడేది, బ్యాటరీ ఎవరికి వాళ్లే మార్చుకునేవాళ్లు. ఇప్పుడు వేడిచేసి జిగురు వదిలించాలి, నా కూలీ అదనం.

ఇవన్నీ సరిచూసినా కాకా పసుపు పైసల్లోంచి పోయింది పదకొండు వేలే. లెక్కలో తేలిన ఆ తొమ్మిదిన్నర వేల ఫోను నా అరలో ఉంటే కదా, ఆయన కొనేది.