హోప్ ఐలాండ్‌కు ఇసుక ఎక్కడి నుంచి వస్తోంది?

కాకినాడ రేవు దగ్గర నిలబడి తూర్పుకు చూస్తే బంగాళాఖాతం వెంటనే కనిపించదు. ముందు చెరువులా నిశ్చలంగా ఉండే కాకినాడ అఖాతం, దాని అవతల ఆకాశం అంచున గీత గీసినట్టు ఒక సన్నటి ఇసుక దిబ్బ కనిపిస్తాయి. ఆ దిబ్బ పేరు హోప్ ఐలాండ్. అసలైన సముద్రం దాని అవతలి వైపున ఉంది. దిబ్బకు ఈవల, గోదావరి పాయల మధ్య కోరింగ వన్యప్రాణి అభయారణ్యం మడ అడవులు పరుచుకుని ఉంటాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. దాని ఈశాన్య అంచున 16 నుంచి 18 కిలోమీటర్ల పొడవున ఉన్న ఈ ఇసుక తీరానికి ఏటా జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి.

పేరులో ఐలాండ్ ఉన్నా ఇది మామూలు ద్వీపం లాంటిది కాదు. దీని కింద రాయి లేదు, కొండ లేదు, ఉన్నదంతా ఇసుకే. వయసు కూడా సుమారు రెండు వందల ఏళ్లే. భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది నిన్న పుట్టినట్టే.

పుట్టిన తీరు అర్థం కావాలంటే ఒడ్డున కాసేపు కూర్చుని అలల్ని చూస్తే చాలు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. వచ్చేటప్పుడు ఇసుక రేణువును ఏటవాలుగా పైకి తోస్తాయి, వెనక్కి జారే నీరు దాన్ని నిటారుగా కిందికి లాగుతుంది. ఒక్కో అలకు రేణువు ఉత్తరానికి ఒక అడుగు వేస్తుందన్నమాట. నవంబరు తర్వాత ఈశాన్య గాలులు ఈ నడకను తిప్పికొడతాయి కానీ, ఏడాది మొత్తం లెక్క చూస్తే ఆంధ్ర తీరంలో ఇసుక నికరంగా ఉత్తరానికే ప్రయాణిస్తుంది. గౌతమి గోదావరి సముద్రంలో కలిసే చోట నది తెచ్చిన ఇసుకను అలలు ఇలాగే ఉత్తరానికి మోసుకుపోతాయి. అక్కడ తీరం పడమటికి వంగుతుంది, ఇసుక మాత్రం వచ్చిన దారినే నేరుగా ముందుకు సాగుతుంది. లోతు తక్కువైన నీటిలో పేరుకుని నాలుకలా పొడుచుకొస్తుంది. తుఫానులు ఆ నాలుకను అప్పుడప్పుడు తెంచుతాయి, అలలు మళ్లీ అతుకుతాయి.

ఈ ఇసుక గోడ లేకపోతే దాని వెనక మడ అడవి ఇప్పుడున్నట్టు ఉండదు. అలల తాకిడి తగ్గిన నీటిలోనే సన్నటి ఒండ్రు అడుక్కి దిగుతుంది, ఆ ఒండ్రులోనే తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లు వేళ్లూనుకుంటాయి. నీటిపిల్లులు, నీటికుక్కలు తిరిగేది ఆ చెట్ల మధ్యనే. కాకినాడ రేవుకు ప్రశాంతమైన నీళ్లు దొరికిందీ ఈ గోడ వల్లే.

నీరు నిలకడగా ఉన్నచోట మేట వేయడం మాత్రం ఆగదు. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు పూడిపోయి, వ్యాపారం కాకినాడకు తరలింది. ఆ రేవు నుంచి బర్మాకు వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కొరంగీలు అనే పిలిచేవారు. 1789 డిసెంబరులోనూ 1839 నవంబరులోనూ తుఫాను ఉప్పెనలు కోరంగిని ముంచెత్తాయి. కలకత్తాలో ఉంటూ తుఫానులను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్, సుడి తిరిగే ఈ గాలులకు 'సైక్లోన్' అన్న పేరు పెట్టాడు. ఆయన పరిశీలించిన వాటిలో 1789 నాటి కోరంగి తుఫాను కూడా ఉంది. ప్రపంచమంతా వాడే ఒక శాస్త్ర పదం వెనక మన రేవు కథ ఉండటం ఇక్కడి పాఠ్యపుస్తకాల్లో కూడా పెద్దగా కనిపించదు.

నల్ల ఇసుక, వేడి గూడు

పడవ దిగి సముద్రం వైపు నడిస్తే ముందుగా ఎదురయ్యేవి మొక్కలు. ఊదారంగు పూల బాలబండి తీగ ఇసుక మీద పాకుతూ ఉంటుంది. రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ల గడ్డి గుబురుగా ఉంటుంది. దాని ఎండిన గుండ్రటి కంకులు గాలికి బంతుల్లా దొర్లిపోతాయి. గాలి మోసుకొచ్చే ఇసుకను ఈ రెండూ పట్టి ఆపుతాయి. మన కాళ్ల చప్పుడుకు ఎర్ర పీతలు గుంపులుగా కన్నాల్లోకి మాయమవుతాయి. మనిషి అలికిడి తక్కువ. చెరిగిపోని అడుగుజాడలు ఎక్కువగా పీతలవీ పక్షులవీ.

ఇసుక మీద అక్కడక్కడా నల్లటి చారలు ఉంటాయి. ఓ చిన్న అయస్కాంతాన్ని ఆ చార మీద తిప్పితే నల్ల రేణువులు మీసాల్లా అంటుకుంటాయి. అది మాగ్నటైట్, ఇనుము ఖనిజం. నేనుండే భిలాయిలో ఇనుము ఖనిజానికి కొదవ లేదు కానీ, ఉక్కు కర్మాగారానికి దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చేది హెమటైట్. అది అయస్కాంతానికి ఇలా గబుక్కున అంటుకోదు. తీరంలోని మాగ్నటైట్‌లో చాలాభాగం దక్కన్ పీఠభూమి బసాల్టు రాళ్లు అరిగి గోదావరి వెంట వచ్చినది. బరువైన రేణువులను అల వెనక్కి లాక్కుపోలేదు. తేలిక ఇసుక కొట్టుకుపోయి బరువైనవి మిగిలినచోట ఆ నల్ల చారలు ఏర్పడతాయి.

ఈ ఇసుక రంగు, ముతకదనం, తడి తాబేలు పిల్లల జాతకాన్ని రాస్తాయి. తల్లి తాబేలు రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో సుమారు అరమీటరు లోతు గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటుగా గుడ్లు పెట్టి, కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. దాదాపు 45 నుంచి 60 రోజులు గుడ్లను పొదిగేది ఇసుక వేడే. పిల్ల మగదా ఆడదా అన్నది క్రోమోజోములను బట్టి కాక, పొదిగే కాలం మధ్యలో గూటి ఉష్ణోగ్రతను బట్టి తేలుతుంది. ఆలివ్ రిడ్లేలో 29-30 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండూ ఇంచుమించు సమానంగా పుడతాయి. అంతకన్నా వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి పెరుగుతాయి. మరీ వేడెక్కితే పిండాలే చనిపోతాయి. నల్ల ఇసుక ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి, ఒకే తీరంలో కొన్ని అడుగుల తేడాతో రెండు గూళ్ల ఫలితం మారిపోవచ్చు. తీరం కోసుకుపోయి గూడు అలలకు దగ్గరైతే వేడి సంగతి దాకా కూడా రాదు, ఉప్పునీరు చేరి గుడ్లు పాడవుతాయి.

ఒడిశాలోని గహీర్‌మథ, రుషికుల్య తీరాల్లో లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కే దృశ్యం హోప్ ఐలాండ్‌లో ఉండదు. ఇక్కడికి ఒకటీ అరా విడివిడిగా వస్తాయి. అందుకే వార్తల్లోకి రావు.

కేశ్‌కాల్ ఘాటు మీద వాన

భిలాయి నుంచి జగదల్‌పూర్ వెళ్లే దారిలో కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాటు ఎక్కుతాం. మలుపులకు పేరుపడ్డ ఆ కొండ రెండు పెద్ద నదులకు సరిహద్దు. దానికి ఉత్తరాన కురిసిన వాన మహానదిలో చేరి ఒడిశా తీరానికి పోతుంది. భిలాయి పక్కనున్న శివనాథ్ నది దారీ అదే. దక్షిణాన, బస్తర్‌లో కురిసిన వాన ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరిలో కలుస్తుంది. ఛత్తీస్‌గఢ్‌కు సముద్రం లేదంటారు కానీ, తూర్పు తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో మా కొండల వాటా ఉంది.

ఆ వాటా తగ్గుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన హేమ మాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1971-79 మధ్య ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు ఉండగా 1990-98 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. 1976 నుంచి 2001 వరకు డెల్టా అంచున నికరంగా 1,836 హెక్టార్ల నేల సముద్రం పాలైంది. ప్రధాన కారణం ఎగువన కట్టిన ఆనకట్టలని వారు తేల్చారు. పైగా ఇది నీటిలో తేలుతూ వచ్చే మట్టి లెక్క. నది అడుగున దొర్లుతూ వచ్చే ముతక ఇసుక ఇందులోకి సరిగా రాదు. తీరాన్ని నిలబెట్టేది ఎక్కువగా ఆ ఇసుకే.

ఆనకట్ట ఇసుకకూ బురదకూ ఒకే రకంగా అడ్డుపడదు. నిలకడ నీటిలో రేణువు ఎంత వేగంగా మునుగుతుందో దాని పరిమాణాన్ని బట్టి లెక్కకట్టవచ్చు. మిల్లీమీటరులో ఐదోవంతు ఉండే ఇసుక రేణువు సెకనుకు సుమారు 2 సెంటీమీటర్లు దిగుతుంది. 30 మీటర్ల లోతు జలాశయంలో అరగంట లోపే అడుక్కి చేరుతుంది. మిల్లీమీటరులో ఐదు వందల వంతు ఉండే బంకమట్టి రేణువు రోజంతా కలిపి 30 సెంటీమీటర్లు దిగితే ఎక్కువ. అదే లోతు దిగడానికి దానికి వంద రోజులు కావాలి. వరదకు గేట్లెత్తితే బంకమట్టి నీటితోపాటు దాటిపోతుంది, ఇసుక మాత్రం చాలావరకు వెనకే ఉండిపోతుంది. కోరింగ మడ అడవులకు బురద కొంతైనా అందుతుంది, వాటిని కాచే గోడకు మాత్రం ఇసుక కరవవుతుంది.

ఇంద్రావతి, శబరి కలిసిన తర్వాత గోదావరిపై కడుతున్నదే పోలవరం ప్రాజెక్టు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు, ప్రధాన డ్యామ్ పనులు సాగుతున్నాయి. 194 టీఎంసీల నీరు నిలిచే ఆ జలాశయం నిండిన తర్వాత బస్తర్ నుంచి కదిలే ఇసుకకు అది చివరి మజిలీ అయ్యే అవకాశం ఎక్కువ. తాగునీరు, సాగునీరు, కరెంటు కావాల్సినవే. నా అభ్యంతరం ఒక్కటే. పోలవరం మీద ఇన్నేళ్లుగా సాగుతున్న చర్చలో నీటి టీఎంసీలే వినిపిస్తాయి, ఇసుక టన్నుల ఊసు అరుదు. చైనాలోని త్రీ గోర్జెస్ డ్యామ్‌లో వరద కాలంలో మట్టం తగ్గించి బురద నీటిని వదిలేసి, తేరుకున్న నీటిని నిల్వ చేసే పద్ధతి పాటిస్తారు. దానివల్ల ఇసుకంతా దిగువకు వెళ్లదు, అక్కడా యాంగ్జీ డెల్టాకు ఒండ్రు తగ్గింది. కానీ ఎంత ఆగుతోంది, ఎంత పోతోందన్నది ఏటా కొలుస్తారు.

హోప్ ఐలాండ్ రేపే మాయమవుతుందని ఎవరూ అనడం లేదు. డెల్టా అంచు ఒకచోట కోసుకుపోతుంటే ఆ ఇసుకే ఉత్తరానికి జరిగి దిబ్బకు కొంతకాలం మేత అవుతుంది. జీతం తగ్గిన ఇల్లు బీరువాలో దాచుకున్నదాంతో కొన్నాళ్లు గడుపుకున్నట్టు. బయటి నుంచి చూసేవారికి దిబ్బ పెరుగుతున్నట్టు కూడా అనిపించవచ్చు. అభయారణ్యం చట్టం గుడ్లను దొంగిలించకుండా, చెట్లు నరక్కుండా ఆపగలదు. సరిహద్దుకు వందల కిలోమీటర్ల ఎగువన ఆగిపోయిన ఇసుక దాని పరిధిలోకి రాదు.

వెళ్లాలనుకునేవారు ముందుగా కాకినాడలో అటవీ, పర్యాటక శాఖలను సంప్రదించి, అనుమతి, పడవల వేళలు కనుక్కోవాలి. సముద్రం బాగోని రోజుల్లో పడవలు కదలవు. తాబేళ్ల కాలంలో పొద్దుపోయాక తీరంలో ఉండకపోవడమే మేలు. గూటి నుంచి బయటపడ్డ పిల్ల, చీకట్లో ఎక్కువ వెలుగున్న దిక్కునే సముద్రం అనుకుని నడుస్తుంది. హోప్ ఐలాండ్‌లో సముద్రం తూర్పున ఉంటే, కాకినాడ దీపాలు పడమట వెలుగుతుంటాయి. వాటికి తోడు మన సెల్‌ఫోన్ లైటు కూడా కలిస్తే దానికి దారి తప్పడం ఇంకా తేలిక.